డ్రేయరు జీవితము, అతని మూకచిత్రము

చలనచిత్రములు తీసినవాని జీవితమును విద్యాలయ సంచికయందు ప్రకటించుట తగునా యని మా చదువరులలో కొందరు పెద్దలు శంకింపవచ్చును. ఆ శంక నిర్హేతుకమని మేము అనము. పిల్లలు పుస్తకములు మూసి తెరబొమ్మల వెంట బడుట మేమును చూచుచునే యున్నాము. ఐనను డెన్మార్కు దేశస్థుడగు కార్ల్ థియోడరు డ్రేయరు చరిత్రము వేరు తీరుది. దాదాపు ఏబదియేండ్ల కాలములో ఇతడు తీసిన పెద్ద చిత్రములు పదునాలుగు మాత్రమే. వానిలో నొకటి, ఐదువందల యేండ్లనాటి యొక పల్లెపడుచు విచారణను గూర్చినది, రెండుమారులు అగ్నికి ఆహుతియయ్యెను. పిమ్మట అది యెట్లు దొరకినదో చదువరులు ముందు చూడగలరు. ఆ చిత్రము కథయు, దానిని తీసినవాని కథయు విడదీయరానివి గనుక రెండును కలిపియే చెప్పెదము.

డ్రేయరు 1889వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన కోపెన్‌హేగెను నగరమున జన్మించెను. కన్నతల్లి స్వీడను దేశపు స్త్రీ. ఒక భూస్వామి యింట పనులు చూచుకొనుచుండెడిది. బిడ్డ తండ్రి ఆమెను వివాహమాడలేదు. లోకనిందకు వెరచి ఆమె పొరుగుదేశమునకు వచ్చి ప్రసవించి, బిడ్డను పరుల చేతులలో విడిచి తిరిగి వెళ్లెను. శిశువు ఒక చోటినుండి మరియొక చోటికి మార్చబడుచు రెండేండ్లు గడపెను. అంతలో ఆ తల్లియు మరణించెను. తుదకు అచ్చుకూటమున అక్షరములు కూర్చు నొక పనివాడును అతని భార్యయు ఈ బాలుని పెంపునకు తీసికొని, పెంపుడు తండ్రి పేరునే యథాతథముగా వానికి పెట్టిరి. ఆ యింట కూడుగుడ్డలకు లోటు లేకుండెను. కాని తాను తినుచున్న తిండికి ఎంత కృతజ్ఞుడై యుండవలెనో బాలునికి మాటిమాటికి గుర్తుచేయబడుచుండెను. చిన్న ప్రాయముననే అతడు ఆ గడప దాటి బయటపడెను.

యౌవనమున తన కన్నతల్లి వృత్తాంతమును అతడు వెదకి తెలిసికొనెను. అతని చిత్రములలో నిరాదరణకు గురియైన స్త్రీ పదేపదే కనబడుటకు ఇదియే మూలమని కొందరు విమర్శకులు చెప్పుదురు. ఒక మనుష్యుని పనినంతయు అతని బాల్యదుఃఖముతో విప్పిచెప్పజూచుట మాకు అంతగా నచ్చదు. ఈ విషయమున మాత్రము వారి మాటను పూర్తిగా త్రోసిపుచ్చజాలకున్నాము.

డ్రేయరు కొంతకాలము తంతివార్తల సంస్థలో గుమాస్తాగా నుండి, ఆ కొలువు రుచింపక పత్రికలలో చేరెను. అప్పుడు విమానములు క్రొత్తగా ఎగురుచున్న కాలము. అతడు ఆకాశయానమును గూర్చి వ్రాయుటయే గాక, తానే వాయుగోళములను నడపుట నేర్చి అందు అనుమతిపత్రమును సంపాదించెను. 1911లో వివాహమాడెను, ఆ దంపతులకు ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి. పిదప నార్డిస్కు అను డేనిష్ చిత్రసంస్థలో వ్రాతపనికి కుదిరెను. మూకచిత్రములలో పాత్రల సంభాషణమును తెలుపుటకు నడుమ నడుమ తెరపై వ్రాతపలకలు చూపుచుండిరి. ఆ పలకల మాటలు కూర్చుట అతని మొదటి పని. కొద్దిమాటలలో చెప్పవలసినది చెప్పుట అచ్చటనే అలవడినదని మా ఊహ. కథలను చిత్రములకు అనువుగా వ్రాయుటయు, ఇతరులు తీసిన భాగములను కత్తిరించి కూర్చుటయు నేర్చిన పిమ్మట, 1919లో అతని మొదటి చిత్రము ప్రదర్శింపబడెను.

తొలినాటి చిత్రములన్నిటిని ఇచ్చట వివరింప నవసరము లేదు. రెండింటిని మాత్రము తలంచెదము. 1920లో నార్వేదేశమున ఒక పల్లెపాదిరి భార్య కథను చిత్రించెను. ఆ ముదుసలి వేషము ధరించిన నటి హిల్డూరు కార్ల్‌బెర్గునకు అప్పటికి డెబ్బదియైదేండ్లు దాటెను, దేహము రోగగ్రస్తము. ఆమె పని ముగించి, కొలదికాలమునకే మరణించెను. 1925లో, భార్యను చాకిరి చేయించి పీడించు నొక గృహస్థునకు ముసలి దాది బుద్ధి చెప్పు కథను తీసెను. పేదకుటుంబములు నివసించు నిజమైన యింటిలోనే చిత్రింపవలెనని అతని కోరిక. అంత ఇరుకైన యింట యంత్రములు పట్టవు గనుక, చిత్రశాలలో అచ్చముగా అట్టి యింటినే కట్టించి, కుళాయికి నీళ్లును పొయ్యికి గ్యాసును అమర్పించెను. ఈ చిత్రము ఫ్రాన్సుదేశమున మిక్కిలి ఆదరణ పొందెను. దాని ఫలముగా పారిసు నగరపు చిత్రసంస్థ యొకటి అతనిని రప్పించి, ఫ్రెంచి చరిత్రలోని ముగ్గురు స్త్రీలలో ఎవరినైనను ఎన్నుకొని చిత్రము తీయుమని కోరెను. రాణి మారీ ఆంత్వానెత్తు, రాణి కాతెరిను డి మెడిచి, జోన్ ఆఫ్ ఆర్కు అనువారు ఆ ముగ్గురు. అగ్గిపుల్లలతో చీట్లు వేయగా జోన్ వచ్చెనని చెప్పుదురు.

జోన్ కథ మా విద్యార్థులలో పెద్దతరగతుల వారికి తెలిసియే యుండును. సుమారు 1412లో డోంరేమీ గ్రామమున ఒక రైతు ఇంట పుట్టిన ఈ బాలిక, చదువు వ్రాత ఎరుగనిది, పరలోకమునుండి స్వరములు తనకు వినబడుచున్నవని చెప్పి, పురుషవేషమున సేనతో నడచి, 1429లో ఆర్లియాన్సు పట్టణమును ఇంగ్లీషువారి ముట్టడినుండి విడిపించెను. ఆ యేడే తన రాజునకు రెయిమ్సు దేవాలయమున పట్టాభిషేకము జరుగునట్లు చేసెను. మరుసటి యేడు శత్రువులకు చిక్కి, ధనమునకు ఇంగ్లీషువారి చేతికి అమ్మబడి, రువాన్ పట్టణమున పీటరు కోషోను అను బిషప్పు ఎదుట మతద్రోహ నేరమునకు విచారింపబడి, 1431 మే 30వ తేదీన సజీవముగా దహింపబడెను. అప్పటికి ఆమెకు పందొమ్మిదేండ్లు. ఇరువదియైదేండ్ల పిమ్మట, 1456లో, ఆ తీర్పు చెల్లదని మరియొక న్యాయసభ తేల్చెను. 1920లో రోమను సభ ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించెను.

ఇట్టి జీవితము చుట్టు కథలు అల్లుకొనుట సహజము. ముందెన్నడు చూడని రాజును సభికుల గుంపులో ఆమె గుర్తించెననియు, మంటలలోనుండి తెల్లని పావురము ఎగసిపోయెననియు జనులు చెప్పుకొనిరి. మధ్యయుగపు భక్తులు ఈ కథలను తరతరములుగా కాపాడిరి. డ్రేయరుకంటె ముందు జోన్‌ను తెరకెక్కించినవారు కోటలు, గుర్రములు, యుద్ధములు, మహిమలు చూపిరి. డ్రేయరు అవన్నియు విడిచిపెట్టెను. సంస్థవారు ఒక నవీన రచయిత పుస్తకముపై హక్కును కొని యిచ్చినను, దానిని ప్రక్కకు నెట్టి, విచారణ జరిగిన నాళ్లలో లేఖకులు వ్రాసియుంచిన న్యాయస్థానపు చిట్టాను చేతబట్టెను. లాటిను భాషలో సిద్ధపరచిన ఆ చిట్టా ప్రతులు ఐదింటిలో మూడు నేటికిని నిలిచియున్నవి. దానిని పరిష్కరించి ప్రకటించిన చరిత్రకారుడు పియేరు షాంపియోను చిత్రమునకు సలహాదారుడయ్యెను.

ఆ చిట్టాను చదివిన వారికి డ్రేయరు ఎందులకట్లు చేసెనో తెలియును. నీవు దేవుని కృపలో నున్నావా యని న్యాయాధిపతులు ఆమెను అడిగిరి. ఉన్నానన్నచో గర్వమను దోషము. లేనన్నచో నేరము ఒప్పుకొనినట్లే. చదువు రాని ఆ పడుచు, తాను కృపలో లేనియెడల దేవుడు తనను అందు చేర్చుగాక యనియు, ఉన్నయెడల అందే నిలుపుగాక యనియు బదులు చెప్పెను. ఏ పావురము కథయు ఈ జవాబునకు సాటి రాదని మా అభిప్రాయము. నెలల తరబడి జరిగిన ప్రశ్నోత్తరములను డ్రేయరు ఒక్క దినమున జరిగినట్లు కుదించెను. న్యాయసభ, చెరసాల, చిత్రహింసల గది, శ్మశానము, చితి: ఇంతటితో చిత్రము సరి.

1927లో పారిసు సమీపమున చిత్రీకరణము జరిగెను. హెర్మను వార్ము అను జర్మను చిత్రకారుడును, విక్టరు హ్యూగో మహాకవి మునిమనుమడగు జాన్ హ్యూగోయు కలిసి, గోడలు బురుజులు వంతెనలు గల ఒక కోటను విడివిడి ముక్కలుగా గాక ఒక్కటిగా కట్టించిరి. ఆకాశము తెల్లగాను గోడలు బూడిదవన్నెగాను తెరపై కనబడవలెనని ఆ గోడలకు గులాబివన్నె పూయించిరి. సంస్థవారు దానికి విస్తారముగా ధనము వెచ్చించిరి. తీరా చూడగా తెరనిండ ముఖములే! కోట అక్కడొక మూల ఇక్కడొక మూల తొంగిచూచును. వారు ఎంత కోపించిరో చదువరులే ఊహించుకొనవచ్చును. డ్రేయరు మాత్రము, నిజమైన గోడల నడుమ నిలిచిన నటునికి ఆ స్థలపు గాలి సోకునని నమ్మినవాడు.

ఆ ముఖములను గూర్చి ఒక శాస్త్రవిషయము చెప్పవలసియున్నది. అంతకు ముందు వాడుకలోనుండిన ఫిల్ము ఎరుపువన్నెను గ్రహింపనేరదు. ఎర్రని పెదవులు నల్లగాను, చర్మము మచ్చలతోను పడుచుండెను. అందుచేత నటులు ముఖములకు దట్టముగా పూత పూయక తప్పకుండెను. సకల వర్ణములను గ్రహించు క్రొత్త ఫిల్ము అప్పుడు వాడుకలోనికి వచ్చినది. డ్రేయరు దానిని తీసికొని, పూతలను పూర్తిగా నిషేధించెను. ముడుతలు, పులిపిరులు, చెమట బిందువులు ఉన్నవి ఉన్నట్లు కనబడవలసినదే. రుడాల్ఫు మాటే అను ఛాయాగ్రాహకుడు యంత్రమును క్రిందినుండి పైకి చూచునట్లు పెట్టుటకై నేలలో గోతులు త్రవ్వించెను. పనివారు నవ్వుచు, కన్నములు పడిన జున్నుగడ్డ పేరును డ్రేయరునకు బిరుదుగా తగిలించిరట.

జోన్ వేషమునకు అతడు ఎన్నుకొనినది ఫాల్కొనెట్టి అను నాటకనటిని. ఒక తేలికపాటి హాస్యనాటకమున ఆమెను చూచి, పూత లేని ముఖమును చూపుమని కోరి, ఆ ముఖమున తాను వెదకుచున్న పల్లెపడుచు కనబడగా నియమించుకొనెను. కథ జరిగిన వరుసలోనే దృశ్యములను తీసెను. కావున నటి అలసట దినదినమును నిజముగానే పెరిగెను. శబ్దము లేని చిత్రమైనను నటులందరు చిట్టాలోని మాటలను కంఠస్థము చేసి పలుకవలసి వచ్చెను. తుదిభాగమున జోన్ జుట్టు కత్తిరించు దృశ్యమునకు ఫాల్కొనెట్టి జుట్టునే నిజముగా కత్తిరించిరి. ఆమె కన్నీరు చూచి చుట్టునున్న పనివారును ఏడ్చిరి.

డ్రేయరు ఆ నటిని క్రూరముగా బాధించి నటింపజేసెనని, రాతినేలపై గంటలకొలది మోకరింపజేసెనని ఒక ప్రచారము కలదు. దానిని కాదన్నవారును కలరు. అతడు కఠినుడనుట నిజము. ఒక్క ముఖచలనము కొరకు అదే దృశ్యమును మరల మరల తీయుట అతని నియమము. ఉత్తమమైన పని కొరకు పరుల దేహమును మనస్సును ఎంతవరకు అలయింపవచ్చునో యను ప్రశ్న ఉపాధ్యాయులకును క్రొత్తది కాదు. ఇందు మేము డ్రేయరును పూర్తిగా సమర్థింపము. ఫాల్కొనెట్టికి ఇదియే ఆఖరి చిత్రము. ఆమె నాటకరంగమునకు మరలిపోయి, 1946లో దక్షిణ అమెరికాయందలి బ్వేనొస్ అయిరెసు నగరమున మరణించెను.

చిత్రము 1928 ఏప్రిలులో కోపెన్‌హేగెనునందు మొదట ప్రదర్శింపబడెను. ఫ్రాన్సున చిక్కులు పుట్టెను. తమ వీరకన్య కథను పరదేశీయుడు, అందును కాథలికుడు కానివాడు, తీయుట ఏమని కొందరు కినిసిరి. పారిసు ఆర్చిబిషప్పును ప్రభుత్వ పరీక్షాధికారులును కోరినట్లు, డ్రేయరుతో చెప్పకయే పలుభాగములు కత్తిరింపబడెను. ఇంగ్లీషు సైనికులను చెడుగా చూపినదని బ్రిటనున కొంతకాలము నిషేధించిరి. పండితులు మెచ్చిరి, జనసామాన్యము రాలేదు, సంస్థ నష్టపడెను.

ఆ యేడు డిసెంబరులో బెర్లిను నగరపు చిత్రశాలలో అగ్నిప్రమాదము సంభవించి, చిత్రపు మూలప్రతి కాలిపోయెను. ఆనాటి ఫిల్ము ప్రత్తిని నత్రికామ్లముతో మార్చి చేసినది; తుపాకిమందునకు దగ్గరి చుట్టము. అంటుకొనిన యెడల తన మంటకు కావలసిన ప్రాణవాయువును తనలోనే కలిగియుండును గనుక నీళ్లు చల్లినను ఆరదు. మన తాళపత్రములకు చెదలెట్లో ఆ ఫిల్మునకు నిప్పట్లు. డ్రేయరు అధైర్యపడక, ప్రతి దృశ్యమును పలుమారులు తీసియుండుటచేత మిగిలియున్న ముక్కలను ఏరి, మొదటిదానిని పోలునట్లు రెండవ చిత్రమును కూర్చెను. ఏరి విడిచినవానితో కట్టిన ఇల్లు అది. 1929లో మరియొక అగ్నిప్రమాదమున దాని మూలప్రతియు నశించినదని వార్త వచ్చెను. రెండేండ్లలోపల ఒకే పని రెండుమారులు బూడిదయైనది. చితిపై ముగిసిన కన్య కథకు ఇట్టి గతి పట్టుట చూచి, అందేదో శాపము కలదని పలికినవారును ఉండిరి. మేము దానిని నమ్మము, రసాయనశాస్త్రమే చాలును.

సంస్థతో తగవు పడి డ్రేయరు న్యాయస్థానమునకు ఎక్కి గెలిచెను గాని, మొండివాడను పేరు మిగిలెను. 1932లో స్వతంత్రముగా తీసిన రక్తపిశాచపు చిత్రము జనులకు రుచింపలేదు. మనస్సు చెదరి కొంతకాలము చికిత్స పొందెను. పిదప స్వదేశమునకు వచ్చి, నలుబదియేడేండ్ల ప్రాయమున మరల పత్రికలో చేరి, న్యాయస్థానములలో కూర్చుండి చిన్నచిన్న నేరముల విచారణలను వ్రాయుచు పొట్టపోసికొనెను. ఐదువందల యేండ్లనాటి చిట్టాను చిత్రముగా మార్చినవాడు తానే చిట్టా వ్రాయువాడయ్యెను.

పదునొకండేండ్ల యెడబాటు తరువాత, 1943లో, జర్మనులు డెన్మార్కును ఆక్రమించియున్న దినములలో, మంత్రగత్తెలని నిందించి ముసలివారిని కాల్చిన కాలపు కథను ‘ఉగ్రత దినము’ అను పేర చిత్రించెను. అది ఆనాటి పాలకులను ఉద్దేశించినదని జనులు భావించిరి. డ్రేయరు కొలదికాలములోనే స్వీడనునకు వెడలిపోయెను. యుద్ధానంతరము 1952లో ప్రభుత్వము అతనికి కోపెన్‌హేగెనున ఒక చిత్రప్రదర్శనశాలను నడపుకొనుటకు అనుమతి నిచ్చినందున జీవనము కుదుటపడెను. 1955లో ‘వాక్యము’ అను చిత్రమునకు వెనీసు ఉత్సవమున అత్యున్నత బహుమానము లభించెను. దాని మూలనాటకకర్త, పాదిరియగు కై మున్కు, 1944లో జర్మనులచే చంపబడినవాడు. డ్రేయరు తుదిచిత్రము 1964లో పారిసున ఈలలకు గురియయ్యెను.

ఈ నడుమ లో డూకా అను నతడు, కాలిపోయెననుకొనిన రెండవ కూర్పు ప్రతి నొకదానిని ఫ్రాన్సున కనుగొని, దానికి ప్రాతకాలపు సంగీతము చేర్చి, వ్రాతపలకలను మార్చి, 1950 తరువాత ప్రదర్శింపజేసెను. లోకములో పెక్కుమంది చూచినది ఆ చిత్రమునే. డ్రేయరు దానిని చూచి నొచ్చుకొనెను. తన ఎంపిక కాని ముక్కలు, తాను పెట్టని సంగీతము, తనవి కాని పలకలు. పేరు మాత్రము తనది.

యేసుక్రీస్తు జీవితమును చిత్రింపవలెనని అతడు ఇరువదియేండ్లు ప్రయాసపడెను. 1949-50లలో అమెరికాలో నుండి దాని కథను వ్రాసెను. హీబ్రూ భాష నేర్చెను. పాలస్తీనా నేలను చూచివచ్చెను. ధనము కుదిరినట్లే కుదిరి తప్పిపోవుచుండెను. తుదకు ఆ సహాయము చేతికందునను ఆశ పుట్టిన సమయమున, 1968 మార్చి 20వ తేదీన, డెబ్బదితొమ్మిదేండ్ల ప్రాయమున మరణించెను. వ్రాతప్రతి మాత్రము ముద్రింపబడెను. జోన్ చిత్రపు తొలిరూపము లోకమున లేదను నమ్మకముతోనే అతడు కన్నుమూసెను.

1981లో నార్వేదేశమున ఆస్లో నగరమునకు దాపున డికెమార్కు అను మానసిక రోగుల వైద్యశాలలో, పనివారి సామానుల గదినుండి కొన్ని ఫిల్ము డబ్బాలు బయటపడెను. వానిని నార్వే చలనచిత్ర సంస్థకు పంపిరి. అచ్చట మూడేండ్లు ఎవరును పరికింపకయే యుండిపోయెను. 1984లో విప్పి చూడగా, అది డేనిష్ వ్రాతపలకలతో, పారిసు కత్తెరలు పడకముందు కోపెన్‌హేగెనున చూపిన 1928 నాటి జోన్ చిత్రము. చెడిపోనిది, ఇంచుమించు సమగ్రమైనది. వైద్యశాలకు ఆ డబ్బాలు ఎందుకు చేరెనో తెలుపు కాగితమొక్కటియు అందు దొరకలేదు. మంటకు భయపడవలసిన ఆ ప్రాత ఫిల్మునుండి క్రొత్త ప్రతులు తీసి 1985లో ప్రదర్శించిరి. అప్పటికి డ్రేయరు మరణించి పదునేడేండ్లు, ఫాల్కొనెట్టి మరణించి ముప్పదితొమ్మిదేండ్లు గడచెను.